ఎడమ చక్రం

ఫిబ్రవరి 18, మంగళవారం

లింగప్ప పోయి ఈ రోజుకు ఆరు దినాలు.

ఈ నోటుబుక్కు నా కూతురు కళావతి పిల్లలది. పోయిన ఎండాకాలం సెలవులకు వచ్చి మరిచిపోయారు. ముందు నాలుగు పేజీల్లో ఎక్కాలున్నాయి. మిగతాదంతా తెల్లగా ఉంది. నేను చదివింది మూడో తరగతి. పెద్ద పెద్ద అక్షరాలు రాస్తాను. గీత దాటినా పరవాలేదు. చదివేవాడు ఎవడూ లేడు. రాసినాక నేను కూడా చదవను.

పొద్దున్నే అరుగు మీద కూర్చుని లింగప్పతో మాట్లాడటం నలభై ఏళ్ళ అలవాటు. నా ఇల్లాలు పోయిన తెల్లారి కూడా వాడు వచ్చి కూర్చున్నాడు. ఇప్పుడు నోరు ఊరుకోవడం లేదు. గోడతో మాట్లాడితే పిచ్చోడంటారు. అందుకని రాస్తున్నాను.

జరిగింది ఇది. మాఘ పున్నమికి మా ఊరి తేరు. ఎడమ చక్రానికి మొద్దు వేసేది నేను. కుడి చక్రానికి లింగప్ప. పగ్గం లాగేది వేలమంది. లాగడానికేముంది, ఎవడైనా లాగుతాడు. ఆపేది మేమిద్దరమే. చింతమొద్దు, ఒక పక్క వాలుగా చెక్కి ఉంటుంది, పొడుగాటి పిడి. పరిగెత్తే చక్రం కిందికి తోయాలి. రెండు మొద్దులూ ఒక్కసారే పడాలి. ఒకటి పడి ఒకటి పడకపోతే ఆగిన చక్రం వైపుకు తేరు తిరుగుతుంది.

మలుపు దగ్గర కుడి మొద్దు పడింది. ఎడమది పడలేదు. తేరు కుడికి తిరిగింది. లింగప్ప వెనకాల చావిడి గోడ.

నా చక్రం కింద రాయి ఉంది. మొద్దు దాని మీద పడి జారింది. అంతే.

రాయి ఉంది.

ఫిబ్రవరి 19, బుధవారం

కోడిగుడ్డంత రాయి.

ఫిబ్రవరి 21, శుక్రవారం

గుడి కమిటీ ప్రెసిడెంటు ఓబుళప్ప వచ్చాడు. చేతిలో కాగితం. కుర్చీ వేస్తే కూర్చోలేదు.

"ఆంజనప్పా, జరిగింది రాయించినాను. పోలీసోళ్ళకు ఇయ్యల్ల. సదువుకోని ఒక సంతకం పెట్టు."

కాగితం తీసుకున్నాను. కంప్యూటరు అక్షరాలు. చీమలు బారు కట్టినట్టు ఉన్నాయి. అంత చిన్నగా కొడితే ఎవరికైనా కష్టమే.

"కళ్ళద్దాలు తెచ్చుకోపో" అన్నాడు.

"నాకెందుకప్పా కళ్ళద్దాలు? పెనుకొండ కళ్ళ క్యాంపులో కింద వరస దంకా సదివినోణ్ణి."

"అవు, మరిచిపోయినా" అని నవ్వాడు.

పైనుంచి కిందికి చూశాను. ఒక మనిషి చదవడానికి ఎంత సేపు పడుతుందో అంత సేపు చూశాను. మధ్యలో ఒకసారి వెనక్కి వచ్చి ఒక వరస మళ్ళీ చూశాను. తల ఊపాను. సంతకం పెట్టాను. వేలిముద్ర కాదు, సంతకం. మా ఇంట్లో సంతకం నేర్చుకున్న మొదటివాణ్ణి నేను.

పోతూ పోతూ ఓబుళప్ప అన్నాడు. "నీకేం కాదులే."

నాకేం కావాలి? నేనేం చేశానని?

ఫిబ్రవరి 23, ఆదివారం

సంగీత వచ్చింది. సచివాలయంలో ఇంజనీరు పాప. సోమందేపల్లి నుంచి స్కూటర్ మీద వస్తుంది. మలుపు దగ్గర టేపుతో రోడ్డు కొలిచి, చావిడి గోడ కొలిచి, నా అరుగు మీదికి వచ్చి కూర్చుంది. లింగప్ప కూర్చునే చోట. లేవమనలేకపోయాను.

తేరుకు నెల ముందు ఈ పాపే గుడిలో మీటింగు పెట్టించింది. రోడ్డుకు రెండు పక్కలా పగ్గం కట్టి జనాన్ని దూరంగా నిలబెట్టాలంది. డీజే తేరు దగ్గరికి రాకూడదంది. మలుపు దగ్గర గోడకూ తేరుకూ మధ్య ఎవరూ ఉండకూడదంది. గోల ఎక్కువ కాబట్టి ఎర్రజెండా చూసి ఆపాలంది. అరవై దాటిన మొద్దువాళ్ళకు కళ్ళ పరీక్ష చేయించాలంది.

నేను లేచి నిలబడ్డాను.

"పాపా, నీకు యెన్నేండ్లు?"

"ఇరవై ఏడు తాతా."

"నా మొద్దుకు యాభై. అదే నీకన్నా పెద్దది. దానికి కూడా పరీక్ష పెట్టు."

గుడి అంతా నవ్వింది. ఆ పాప కూడా నవ్వింది, తలవంచుకుని రాసుకుంటూ. ఆ నవ్వు నాకు వారం దినాలు తీపిగా ఉండింది.

చివరికి కమిటీ ఒప్పుకున్నది రెండే. జెండా, కళ్ళ పరీక్ష. పగ్గం కడితే దేవుణ్ణి దూరం చేసినట్టు అవుతుందన్నారు. డీజే లేకుంటే కుర్రకారు రారన్నారు. నేనూ తల ఊపాను.

ఈ రోజు ఆ సంగతులేవీ ఎత్తలేదు. అడిగింది ఒకటే.

"తాతా, ఎర్రజెండా చూసినారా?"

"చూసినా."

"జెండా పట్టుకున్న మురళన్న యాడ నిలబడినాడు?"

"యాడ నిలబడతాడు? తేరు ముందర."

పాప రాసుకోలేదు. పెన్నుకు మూత పెట్టింది.

"జనం తోపులాట ఎక్కువై మురళన్న మిద్దె ఎక్కినాడు తాతా. ఆడి నుంచే జెండా ఎత్తినాడు. ఊరంతా చూసింది."

ఆమె లేచింది. మెట్టు దిగి, ఆగింది.

"ఓబుళప్పగారి కాగితం సదివే సంతకం పెట్టినారా?"

"సదవకుండా పెట్టేదానికి నేనేమన్నా వేలిముద్ర నిశానీగాణ్ణా?"

"లింగప్ప తాత తాగి తేరు కిందికి వచ్చినాడని రాసినారు దాంట్లో."

ఫిబ్రవరి 24, సోమవారం

తాగినాడని.

మొద్దు వేసేవాడు ముందు రోజు పొద్దు గూకినప్పటి నుంచి దేవుడు దిగేదాకా మజ్జిగ తప్ప నోట్లో పోయకూడదు. అది మా రెండిళ్ళ కట్టు. లింగప్ప ఆ ఒక్క రోజు కాదు, పుట్టినప్పటి నుంచి తాగలేదు. కల్లు వాసనకే ముక్కు మూసుకునేవాడు. నేనే వెక్కిరించేవాణ్ణి.

తాగినాడని రాసిన కాగితం కింద నా సంతకం.

ఫిబ్రవరి 27, గురువారం

చౌడక్క వచ్చింది. లింగప్ప భార్య. పదిహేను రోజులు ఇంటి నుంచి బయటికి రాని మనిషి, తలమీద కొంగు కప్పుకుని నడివీధిలో నడిచి వచ్చింది. లోపలికి రాలేదు.

"బావా, ఆ కాగితం నిజమేనా?"

"లోపలికి రా చౌడక్కా."

"రాను. ఆయప్ప తాగినాడని నువ్వు రాసిచ్చినావా?"

"నేను రాయలేదు."

"సంతకం నీదే గదా?"

"సంతకం నాదే."

ఒక్క మాట చెప్పి ఉంటే అయిపోయేది. అక్షరాలు కనపడలేదమ్మా, ఏం రాశారో తెలియకుండా పెట్టాను అని. ఆ మాట గొంతు దాకా వచ్చింది. కానీ దాని వెనకాలే ఇంకో మాట ఉంది. కాగితం కనపడనివాడికి జెండా ఎట్ల కనపడింది? ఆ మాట ఆమె అడగకపోయినా ఎవడో ఒకడు అడుగుతాడు.

నేను నిలబడే ఉన్నాను. ఆమె నా తరఫున తానే అంది.

"సదువుకోకుండా పెట్టినావేమో అని అడిగేదానికి వచ్చినా. మా ఆడబిడ్డ అదే అనింది. నేను ఒప్పుకోలేదు. మా బావ సంగతి నాకు తెలీదా? రేషను కార్డు గూడా రెండుసార్లు సదివి గాని పెట్టడు సంతకం. సదివే పెట్టినావు."

నన్ను గొప్ప చేసి మాట్లాడిన ఆడమనిషి ఊళ్ళో ఆమె ఒక్కతే ఉండింది. ఆ గొప్పతోనే కొట్టింది.

"మజ్జిగ నేనే పోసిచ్చినా బావా ఆ పొద్దు. నా చేతులతో. ఇద్దరికీ."

పోయింది.

నిజమే. ఆ పొద్దు నేను కూడా ఆమె మజ్జిగే తాగాను.

మార్చి 1, శనివారం. ధర్మవరం

కళావతి వచ్చి పట్టుకొచ్చింది. ఊళ్ళో ఉంటే ఏమన్నా చేసుకుంటానని భయమంట. నేనేం చేసుకుంటాను. ఇక్కడ ఇంటి నిండా మగ్గాల చప్పుడు. బాగుంది. ఆలోచన వినపడదు.

మధ్యాహ్నం లోటాలో నీళ్ళు పోసుకుంటే నేల మీద పడ్డాయి. కళావతి చూసింది. మగ్గం మీది చీర అంచు పట్టుకుని చూపించింది.

"నాయనా, ఇదేం రంగు?"

"నాకు పరీక్ష పెడతాండావా?"

"చెప్పు నాయనా."

"ఎరుపు."

మగ్గం ఆగింది. అల్లుడు తలెత్తి చూశాడు.

"పచ్చ నాయనా ఇది. చిలకపచ్చ. ఎన్నాళ్ళ నుంచి ఇట్లుండాది?"

"నీ పని నువ్వు చూస్కో పో."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పోయింది. అది నన్ను కన్నట్టు ఏడుస్తుంది.

మార్చి 2, ఆదివారం

ఏమీ లేదు.

మార్చి 4, మంగళవారం. ధర్మవరం

రాయాలి. రాసి పారేస్తే పోతుందేమో.

పెనుకొండలో కళ్ళ క్యాంపు. జనవరి ఆఖర్లో. బస్సులో కిటికీ పక్కన లింగప్ప, ఇటు నేను. కొండ దగ్గరికి వచ్చినాక వాడు అన్నాడు.

"అన్నా, నీకు కోట కనపడతాందా?"

"కనపడకేం?"

"బస్సు ఇటు తిరిగింది. కోట ఆ పక్క ఉండాది."

నేను తిట్టాను. వాడు తిట్లు పూర్తిగా విన్నాడు. తర్వాత మెల్లగా చెప్పాడు, రెండేళ్ళుగా తెలుసునని. నేను చేతికర్ర కోసం తడుముకునే ముసలమ్మ మాదిరి మొద్దు పిడి తడుముకుంటున్నానని. ఎవరికీ చెప్పలేదని.

"ఈ యేడు వద్దులే అన్నా. టెంకాయ కొట్టి మొద్దు ఇంకోరి చేతిలో పెట్టు."

అది మా కట్టు. చేతగానప్పుడు తేరుకు ముందు రోజు మొద్దువాడే టెంకాయ కొట్టి మొద్దు అప్పగించాలి. ఇంకెవరూ లాక్కోవడానికి లేదు. కమిటీకి కూడా హక్కు లేదు. వాడు నోటితో చెప్పాలి, నేను వేయలేను అని. మా నాయన చెప్పలేదు. పిడి పట్టుకునే పోయాడు. నేనెట్ల చెప్తాను?

"నేను సావాల, అప్పుడు తీసుకోండి" అన్నాను.

వాడు కిటికీ వైపు తిరిగాడు. బస్సు దిగే ముందు అన్నాడు.

"సరే. లైన్లో నేను ముందర నిలబడతా. గట్టిగా సదువుతా, బడిలో పద్యం చెప్పినట్ల. నువ్వు ఇనుకో. నీకు పద్యం ఒక్కసారి ఇంటే వస్తాది గదా."

వాడు చదివాడు. గ. ర ల. ప న మ. య వ డ త. ఇంకా కింద ఐదు, దాని కింద ఆరు. క్యాంపులో పిల్ల విసుక్కుంది. "ఎందుకు తాతా అంత గట్టిగా అరుస్తారు? ఇది చెవుల పరీక్ష కాదు, కళ్ళ పరీక్ష." లైనంతా నవ్వింది. రెండో కన్ను మూయమంటే మళ్ళీ చదివాడు, మొదటి నుంచి, అంతే గట్టిగా. నాకోసం.

తర్వాత నేను. ఒక్కటి తప్పలేదు. గోడ మీద నాకు కనపడింది ఒక తెల్లటి ముక్క.

బస్టాండులో బోండాలు తిన్నాం. నవ్వీ నవ్వీ వాడికి పొలమారింది. నెత్తిన తట్టాను. అప్పుడే మాట తీసుకున్నాడు.

"ఈ ఒక్క తేరే అన్నా. వచ్చే యేడు టెంకాయ నేనే తెస్తా, నువ్వు కొట్టల్ల. ఈ యేడు జెండా నేను చూస్తా. మొద్దు ఎయ్యబోయే ముందర 'అన్నా' అని అరుస్తా. నువ్వు ఎయ్యి."

మలుపు దగ్గర డీజే తేరుకు ఆనుకుని ఉంది. నేల అదిరిపోతోంది. నా పళ్ళు కూడా అదురుతున్నాయి.

అరిచే ఉంటాడు. మాట తప్పే మనిషి కాదు.

మార్చి 6, గురువారం

పెనుకొండ ఆర్డీఓ ఆఫీసు నుంచి నోటీసు. పదో తారీకు విచారణకు రావాలి. కళావతి చదివి వినిపించింది. ఇప్పుడు అన్నీ ఆమె చదువుతుంది, నేను అడగకుండానే.

ఓబుళప్ప ఫోను చేశాడు.

"కాగితంలో ఉండేదే చెప్పు. పోయినోడు ఎట్లా పోయినాడు. తాగినాడంటే ఆయప్పకు కొత్తగా పొయ్యేదేమి ఉండాది? వేరేగా చెప్తే నీ మీదికి వస్తాది, ఊరి మీదికి వస్తాది, తేరు నిలిచిపోతాది. వందేండ్ల తేరు. ఆపినోడు ఆంజనప్ప అంటారు."

నా కళ్ళ సంగతి వాడికి తెలుసు. క్యాంపు నాటి నుంచే తెలుసేమో.

ఆపినోడు ఆంజనప్ప. ఆపాల్సినప్పుడు ఆపలేదు కదరా.

మార్చి 10, సోమవారం

పెనుకొండ పోయి వచ్చాను. ఈ రోజే రాయాలి.

ఆర్డీఓ ఆడమనిషి. గొంతు మెత్తగా ఉంది. ఒక పక్క ఓబుళప్ప, కమిటీవాళ్ళు. ఇంకో పక్క సంగీత. గోడ వార బెంచీ మీద చౌడక్క ఉందని కళావతి చెవిలో చెప్పింది.

కాగితం నా చేతికిచ్చారు.

"పెద్దాయనా, ఈ సంతకం మీదేనా?"

"నాదేనమ్మా."

"ఒకసారి పైకి చదవండి. అందరూ వింటారు."

కాగితం పట్టుకుని నిలబడ్డాను. చీమలు. పైన ఫ్యాను తిరుగుతోంది. డెబ్బై ఒక్క ఏళ్ళు నేను ఎవరి ముందరా తలవంచలేదు. ఆ కాగితం నాకన్నా బరువుగా ఉంది.

"కనపడదమ్మా" అన్నాను.

"కళ్ళద్దాలు మరిచిపోయినారా?"

"కళ్ళద్దాలతో పొయ్యేది కాదు. నాకు కనపడదు. ఈ కాగితం కనపడదు. ఆ పొద్దు జెండా కనపడలేదు. లింగప్ప తాగలేదు. మొద్దు ఎయ్యనిది నేను."

ఓబుళప్ప కుర్చీ కిర్రుమంది.

"బాధలో మాట్లాడతాండాడు మేడం. ఈయప్ప కళ్ళ క్యాంపులో పాసైనాడు. సర్టిఫికెట్టు ఉండాది."

"అవునా పెద్దాయనా?"

అప్పుడు కళ్ళు మూసుకున్నాను. చేతులు కట్టుకున్నాను, బడిలో మాదిరి. గ. ర ల. ప న మ. య వ డ త. కింద ఐదు. దాని కింద ఆరు. అన్నీ చెప్పాను. రెండో కంటికి మళ్ళీ మొదటి నుంచి చెప్పాను, గట్టిగా.

సంగీత కూడా ఆ క్యాంపుకు వచ్చిందంట, గోడ మీది అట్టకు తీసిన ఫోటోలు ఆమె దగ్గర ఉన్నాయంట. ఫోను పట్టుకుని నేను చెప్పేది సరిచూసింది.

"కింది వరస కూడా సరిపోయింది మేడం. ఆ వరస ఆ రోజు నేను కూడా సదవలేకపోయినా."

"ఎవరు నేర్పించారు మీకు?"

"లింగప్పమ్మా."

బెంచీ చప్పుడైంది. చౌడక్క లేచి నా దగ్గరికి వచ్చింది. కొడుతుందనుకున్నాను. కొట్టి ఉంటే బాగుండేది.

"ఆయప్ప నీకోసరం అన్ని అచ్చరాలు సదివినాడు బావా. నువ్వు ఆయప్పకోసరం ఒక్క మాట అనలేకపోతివా? ఈ యేడు నా చేత గాదు అని. ఒక్క మాట."

తాగినాడన్న మాట కొట్టేస్తామని, నా వాంగ్మూలం కొత్తగా రాస్తామని మేడం చెప్పింది. రాశారు. చదివి వినిపించారు. సంతకం పెట్టాను.

నా మీద ఏం పెడతారో తర్వాత తెలుస్తుందంట. నేను అడగలేదు.

మార్చి 11, మంగళవారం

నిన్న కళావతి ధర్మవరం పోయింది. ఊరికి నేనూ చౌడక్కా ఒకే బస్సులో వచ్చాం. చౌడక్క ముందు సీట్లో. ఆమె దిగినాక కూడా నేను దిగలేదు. తర్వాతి ఊళ్ళో దిగి నడిచి వచ్చాను.

మార్చి 20, గురువారం. హిందూపురం

ఎడమ కంటికి ఆపరేషను. కళావతి పట్టుబట్టింది. దేనికి చేయించుకోవాలో నాకు అర్థం కాలేదు. ఇప్పుడు చూడాల్సిందేముంది?

మార్చి 21, శుక్రవారం

కట్టు విప్పారు. గోడ మీద అక్షరాల అట్ట. చదవమన్నారు. నేను చదవలేదు. "కనపడలేదా తాతా?" అన్నారు. కనపడుతోంది అన్నాను.

"మరి చదవండి."

కళావతి వచ్చి బయటికి తీసుకుపోయింది.

మార్చి 28, శుక్రవారం

గుడిలో మీటింగు. నన్ను పిలవలేదు. బయట నిలబడి విన్నాను. సంగీత చెప్పినవన్నీ ఈసారి ఒప్పుకున్నారు. పగ్గం, డీజే దూరం, గోడ పక్క ఖాళీ, ఇంకా ఏవేవో. కళ్ళ పరీక్ష ఒక్కొక్కరినీ వేరే గదిలో పెట్టి చేస్తారంట. ఒకరు చదివేది ఇంకొకరికి వినపడకూడదంట. ఎవరూ నవ్వలేదు. ఆ పాప చెప్పిన మాటలు జనవరిలో చెప్పినవే. ఒక్క మాట కూడా మారలేదు.

మీటింగయ్యాక టెంకాయ కొట్టాను. నేనే కొనుక్కున్నాను. తెస్తానన్నవాడు లేడు కదా. మొద్దు గుడి మెట్ల మీద పెట్టాను. "నేను వేయలేను" అని నోటితో చెప్పాను. వినడానికి పూజారి ఒక్కడే ఉన్నాడు.

ఎంత చిన్న మాట.

మార్చి 30, ఆదివారం

ఉగాది. కళావతి రమ్మంది. పోలేదు.

ఇప్పుడు చదవగలను కాబట్టి ఈ నోటుబుక్కు తీశాను. ఎక్కాల తర్వాత మొదటి పేజీ. రాయి ఉంది అని రాశాను. మళ్ళీ రాశాను. తర్వాతి పేజీలో కోడిగుడ్డంత అని కూడా రాశాను. నా రాతే.

లేచి మలుపు దగ్గరికి పోయాను. పొద్దున ఎండ బాగా ఉంది. సిమెంటు రోడ్డు. నిరుడు వేసింది. వంగి చూశాను. ఆ మూల నుంచి ఈ మూల దాకా చూశాను. చావిడి గోడకు కొత్త సున్నం కొట్టారు. సున్నం కింద, నడుమెత్తున, గీత కనపడుతోంది.

చౌడక్క నీళ్ళ బిందెతో వస్తూ ఆగింది.

"ఏం ఎతుకుతాండావు?"

బావా అనలేదు.

"రాయి" అన్నాను.

ఆమె రోడ్డు వైపు చూసింది. గోడ వైపు చూడలేదు. బిందె ఇంకో చంకకు మార్చుకుంది.

"ఈడ యాపొద్దూ రాయి లేదు" అని చెప్పి పోయింది.

లేదు. నేనూ చూశాను.